గ్రామపు నీటి పద్దు : కంప్యూటరు పట్టికలో చిన్న మాక్రోలు

(అనంతపురం మెట్ట ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ముంగారు వానలు వెనుకబడి, హింగారు దుక్కులు మొదలగు ఈ దినములలో మన మెట్ట గ్రామములందు ప్రతి రైతును తన్ను తాను అడుగుకొను ప్రశ్న ఒకటి కలదు. బోరులో నీరు ఎంత కాలము వచ్చును? రైతు ఈ ప్రశ్నకు ఒంటరిగా కూర్చుండి, పోయిన సంవత్సరపు జ్ఞాపకమును బట్టి, పొరుగువాని బోరును చూచి, మిగిలిన భారము దేవునిపై వేసి సమాధానము చెప్పుకొనుచున్నాడు. పొరుగువాడును అట్లే చెప్పుకొనుచున్నాడు. ఇద్దరి బోరులును ఒకే బండ నెర్రెలలోని నీటిని తోడుచున్నవి గనుక ఇద్దరి సమాధానములును తప్పిపోవుచున్నవి. సంక్రాంతి దాటునప్పటికి పైరు పొట్టకు వచ్చును, నీరు అడుగంటును. అప్పుడు మరియొక బోరు, దానికై మరియొక అప్పు.

ఇంత పెద్ద కష్టము ముందు నేడు మేము మాటలాడబోవు విషయము చాల చిన్నదిగా తోచవచ్చును. కంప్యూటరులోని లెక్కల పట్టిక, అనగా స్ప్రెడ్‌షీటు, అందలి గడులు, ఆ గడులు మనము తాకినప్పుడు బదులు పలుకునట్లు చేయు మాక్రో అను ఉపాయము. ఇది పట్టణపు కార్యాలయములలోని గుమాస్తాల విద్య కదా, మాకేల యని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. గ్రామసభలో జరిగిన కొన్ని సంగతులను చూచిన పిదప మా అభిప్రాయము మారినది. ఆ సంగతులను, అందు మేము చేసిన తప్పులను గూడ, దాచక చెప్పెదము.

మొదట మన నేలను గురించి రెండు మాటలు. అనంతపురం ప్రాంతమునకు సగటున సంవత్సరమునకు వచ్చు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించుచున్నవి. ఈశాన్య మేఘములు తూర్పు తీరమున కురిసి, మన వరకు వచ్చునప్పటికి తేలిపోవుచున్నవి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది గాని, వాన ఆ సరిహద్దు గీతను ఎరుగదు. ఇటువైపు కరవే అటువైపును కలదు. క్రింద గట్టి బండ. దాని పైపొరలో శిథిలమైన రాయియు, దాని క్రింది నెర్రెలును మాత్రమే నీటిని నిలుపుకొనును. కురిసిన వానలో సుమారు పదవ వంతు మాత్రమే ఇట్టి నేలలోనికి ఇంకునని భూగర్భజల శాస్త్రజ్ఞులు లెక్కకట్టుచున్నారు. తక్కినది వాగు పట్టుచున్నది, ఆవిరియగుచున్నది, పైర్లకును చెట్లకును పోవుచున్నది.

ఇది పంచాయతీ పనియేనా యను సందేహము కలుగవచ్చును. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యము, వాటర్‌షెడ్ అభివృద్ధి అందు మూడవ అంశము. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రొత్త బోర్లకు అనుమతి విధించినది. కాని ఉన్న బోరు క్రింద ఏ పంట పెట్టవలెననునది రైతు స్వంత నిర్ణయము. ఆ నిర్ణయమును చట్టముతో మార్పజాలము. తెలివిడితో మాత్రమే మార్పగలము.

ఇట్లు మార్పవచ్చునని చూపిన ప్రయత్నము మన రాష్ట్రముననే జరిగినది. 2003 తరువాత కొన్ని సంవత్సరముల పాటు, అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో, రైతుల యాజమాన్యములో భూగర్భజల వ్యవస్థల పథకము నడిచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. నెదర్లాండ్స్ ప్రభుత్వము ధనసహాయము చేసినది. ఆ పథకమున సబ్సిడీ లేదు, నిర్బంధము లేదు. రైతులే, స్త్రీలును పురుషులును, వర్షమానిని చూచి వాన వ్రాసిరి. పరిశీలక బావులలో నీటిమట్టము కొలిచిరి. బోరు నీటిని డ్రమ్ములో పట్టి, ఎంతసేపటికి నిండుచున్నదో గడియారము చూచి లెక్కించిరి. హింగారునకు ముందు అందరును కూడి, ఉన్న నీరు ఎంత, వేయదలచిన పంటలు కోరు నీరు ఎంత అని పంట నీటి బడ్జెట్ వేసిరి. ఆ పిదప ఎవరి నిర్ణయము వారిదే. నేడు మనము కంప్యూటరు పట్టికలో వేయబోవు లెక్క ఆ లెక్కయే. క్రొత్త లెక్కను మేమేమియు కనిపెట్టలేదు.

లెక్కను ఒక ఉదాహరణతో చూతము. మనము ఊహించుకొను గ్రామమునకు 2,000 ఎకరముల పరీవాహక భూమి కలదనుకొందము. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన సుమారు 4 ఘనమీటర్ల నీరు, అనగా 4,000 లీటర్లు. ముంగారులో 300 మిల్లీమీటర్లు కురిసినచో మొత్తము 24 లక్షల ఘనమీటర్లు. అందు పదవ వంతు ఇంకినచో 2,40,000. ఇది జమ.

ఇక ఖర్చు. గ్రామమున 1,000 మంది జనులుండిరి; మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున సంవత్సరమునకు 20,000 ఘనమీటర్లు త్రాగునీటికి ముందుగా తీసిపెట్టవలెను. 500 పశువులకు 40 లీటర్ల చొప్పున మరి 7,000. ముంగారులో 35 బోర్లు గంటకు 5 ఘనమీటర్ల చొప్పున, దినమునకు 6 గంటలు, 60 దినములు నడచినవనుకొనిన 63,000 ఘనమీటర్లు అప్పుడే తోడివేసినాము. ఈ 5 ఘనమీటర్లు ఎట్లు తెలియునందురా? 200 లీటర్ల డ్రమ్ము రెండు నిమిషముల 24 సెకన్లలో నిండినచో బోరు గంటకు 5 ఘనమీటర్లు ఇచ్చుచున్నదన్నమాట. ఇవన్నియు తీసివేయగా హింగారునకు మిగిలినది 1,50,000 ఘనమీటర్లు.

రైతులు వేయదలచినవి: వరి 20 ఎకరములు, వేరుశనగ 40, రాగి 15. ఎకరమునకు వరి సుమారు 4,800 ఘనమీటర్లు, వేరుశనగ 2,000, రాగి 1,600 కోరునని తీసికొందము. వరికి 96,000, వేరుశనగకు 80,000, రాగికి 24,000, కూడిన 2,00,000. చేతిలో నున్నది 1,50,000. యాభైవేల ఘనమీటర్ల నీరు ఈ గ్రామమున లేదు; కాని దానిని నమ్ముకొని విత్తనము వేయబోవుచున్నారు.

ఈ లెక్కను కాగితముపై వేసి గ్రామసభలో చదివినచో ఏమి జరుగును? మేము చదివి చూచితిమి. అందరును తల యూపిరి. ఒకరు, "అయితే ఏం చేయమంటారు సార్?" అనిరి. వరి తగ్గింపుడని చెప్పితిమి. "ఎవురు తగ్గించల్ల? ఎంత తగ్గించల్ల?" అని వేరొకరు అడిగిరి. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు కాగితమంతయు తిరిగి లెక్కింపవలెను. మేము లెక్క కట్టుచుండగా సభ్యులు బీడీలకై బయటికి వెళ్లిరి. మరల కూడినప్పటికి వేరొకరు, "నేను వరి మాని శెనక్కాయ వేస్తే?" అనిరి. మరల లెక్క. ఆ దినము సభ ఏమియు తేల్చక ముగిసినది. లెక్క తప్పు కాదు. అది మాటకు మాట బదులియ్యలేకపోయినది. అదే చిక్కు.

స్ప్రెడ్‌షీటు ఇక్కడనే అక్కరకు వచ్చుచున్నది. దానిని పెద్దలకు ఇట్లు చెప్పవచ్చును. కరణముల కాలపు అడంగలు మీకు జ్ఞాపకముండును. కరణీకము 1984లో రద్దయినను ఆ పుస్తకపు అడ్డు గీతలు, నిలువు గీతలు మరువరానివి. స్ప్రెడ్‌షీటు తన కూడికలను తానే వేసికొను అడంగలు. ఒక గడిలో అంకె మార్చిన, దానిపై ఆధారపడిన గడులన్నియు వెంటనే మారును. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇద్దరు విసిక్యాల్క్ అను పేర దీనిని మొదట చిన్న కంప్యూటర్లకు తయారుచేసిరి. నేడు ఎక్సెల్, లిబ్రెఆఫీస్ కాల్క్ మొదలగునవి వాడుకలో నున్నవి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయములు ఏర్పడిన నాటనుండి కంప్యూటరును, దానిని నడుపు డిజిటల్ అసిస్టెంటును గ్రామమునకే వచ్చినారు. ఆ యంత్రమును ధ్రువపత్రములకే పరిమితము చేయుట మాకు సమ్మతము కాదు.

పట్టికలో ఒక్కొక్క రైతునకు ఒక అడ్డు వరుస: పేరు, ఎకరములు, పంట, ఆ పంట కోరు నీరు. క్రింద మొత్తము, ప్రక్కన మిగులు లేక తగులు. తగులు వచ్చిన ఆ గడి ఎరుపు, మిగులు వచ్చిన ఆకుపచ్చ. ఈ రంగు మార్పునకు మాక్రో అవసరమే లేదు. ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ అను సదుపాయము చాలును. పంట పేరు తప్పు లేకుండ ఎన్నుకొనుటకు గడికి జాబితా తగిలించు డేటా వ్యాలిడేషన్ కూడ ఉన్నది. ఇవి రెండును వచ్చిన పిదపనే మాక్రో జోలికి పోవలెనని మా సలహా. అక్కరలేని చోట మాక్రో పెట్టుట వంకాయ కోయుటకు వేటకత్తి పట్టుట వంటిది.

మరి మాక్రో ఎందుకు? సభలో వేగము కొరకు. జాబితా తెరచి, వెదకి, ఎన్నుకొనుటకు పట్టు కాలములో రైతు మాట చల్లారిపోవును. పంట గడిపై రెండుమార్లు నొక్కగానే వరి వేరుశనగ యగుట, మరల నొక్కగానే రాగి యగుట, మరల నొక్కిన బీడగుట, ఆ పిదప మరల వరి యగుట, ప్రతిసారి క్రింది మొత్తము మారుట, ఇది కంటికి కనబడును. గోడపై వెలుగు పటముగా చూపినచో చదువురానివారికిని ఎరుపు, పచ్చ తెలియును.

మాక్రో యనగా ఒకసారి వ్రాసి పట్టికలోనే దాచిపెట్టిన ఆజ్ఞల వరుస. అది ఒక సంఘటన జరిగినప్పుడు పనిచేయును: పట్టిక తెరచినప్పుడు, గడిలో అంకె మారినప్పుడు, గడిపై రెండుమార్లు నొక్కినప్పుడు. మీ పొలములలోని ఆటో స్టార్టరును తలచుకొనుడు. కరెంటు రాగానే మనిషి లేకున్నను మోటారు తిరుగును. మాక్రోయు అట్టిదే. దాని మేలు, దాని కీడు రెండును అందులోనే యున్నవి. బోరులో నీరు లేని నాడు ఆటో స్టార్టరు ఏమి చేయునో మీకు మేము చెప్పనక్కరలేదు.

పంట మార్చు మాక్రోకు మనము ఇచ్చు ఆజ్ఞ మాటలలో ఇట్లుండును. ఎవరైన ఒక గడిపై రెండుమార్లు నొక్కినచో, ఆ గడి పంట అను నిలువు వరుసలోనిదేనా చూడుము. కానిచో ఊరకుండుము. అగునేని, అందున్న పేరు చదువుము. వరి యైన వేరుశనగ వ్రాయుము, వేరుశనగ యైన రాగి వ్రాయుము, రాగి యైన బీడు, బీడైన వరి. చివరగా, ఎక్సెల్ తన అలవాటు చొప్పున ఆ గడిని దిద్దుబాటుకు తెరవకుండ ఆపుము. ఈ చివరి ఆజ్ఞను మరచినచో పేరు మారును గాని గడిలో కలము నిలిచిపోయి తరువాతి నొక్కు పనిచేయదు. క్యాన్సిల్ అను మాటకు ట్రూ అను విలువ నిచ్చుటయే ఆ ఆజ్ఞ.

దీనిని వ్రాయు చోటు దొరకుట కష్టము కాదు. పట్టిక అడుగున షీటు పేరు గల చీటి యుండును. దానిపై మౌసు కుడి మీట నొక్కి వ్యూ కోడ్ అనుదానిని ఎన్నుకొనిన తెల్లని పుట తెరచుకొనును. దాని పైనున్న రెండు జాబితాలలో ఎడమవైపు వర్క్‌షీట్, కుడివైపు బిఫోర్ డబుల్‌క్లిక్ ఎన్నుకొనినచో మొదటి పంక్తిని, చివరి పంక్తిని ఎక్సెల్ తానే వ్రాసిపెట్టును. మధ్య నుండు పది పన్నెండు పంక్తులు మన డిజిటల్ అసిస్టెంటు ఒక పూటలో నేర్వదగినవి. కాల్క్‌లో ఏర్పాటు కొంత వేరు. అచ్చటను షీటు చీటిపై కుడి మీట నొక్కి, సంఘటనల పట్టికలో రెండుమార్ల నొక్కునకు మాక్రోను తగిలింతురు. పట్టికను దాచునప్పుడు మాత్రము మాక్రోలు గల పుస్తకమని, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం అను రకముగా దాచవలెను. మామూలు రకముగా దాచినచో అంకెలు నిలుచును, మాక్రోలు పోవును.

ఒక్క నొక్కుతోనే పంట మారిన ఇంకను సులభము కదా యని మేము మొదట ఆశపడితిమి. గడిని ఎన్నుకొనగానే పనిచేయు వేరొక సంఘటన కలదు; దానికి మాక్రోను తగిలించితిమి. ఇంటివద్ద బాగుగనే పనిచేసినది. సభలో ఒక యువకుడు బాణపు మీటతో పట్టిక క్రిందికి దిగుచు రైతుల పేర్లు చదువసాగెను. దిగిన ప్రతి గడిలోను పంట మారిపోయినది! వరి వేసినవారు వేరుశనగకును, రాగి వేసినవారు బీడునకును మారిరి. "మా మడిని బీడు పెట్టేసినారే!" అని ఒక అవ్వ నవ్వినది గాని, నవ్వుతో పోవలసిన తప్పు కాదది. నాటి నుండి రెండుమార్ల నొక్కునే వాడుచున్నాము.

వాన వ్రాయు షీటులో రెండవ మాక్రో నుంచితిమి. మిల్లీమీటర్ల అంకె వ్రాయగానే ప్రక్క గడిలో ఆనాటి తేదీ తానే పడును. నేటి తేదీ నిచ్చు సూత్రము ఎక్సెల్‌లో ఉన్నది కదా యందురు. అది రేపు రేపటి తేదీగా మారిపోవును, పద్దుకు పనికిరాదు. మాక్రో వ్రాసిన తేదీ నిలిచియుండును. ఇందొక మెలిక కలదు. గడి మారినప్పుడు పనిచేయు మాక్రో, తానే వేరొక గడిని మార్చుచున్నది. ఆ మార్పును చూచి తన్ను తానే మరల పిలుచుకొనును. కనుక పని మొదలుపెట్టు ముందు సంఘటనలను ఆపి, పని ముగియగానే మరల తెరువవలెను. నడుమ ఏదేని తప్పు వచ్చి ఆగినచో సంఘటనలు మూసియే యుండును. అప్పుడు పట్టికలోని గడులన్నియు మూగబోవును. తప్పు వచ్చినను తెరచియే వెడలునట్లు మాక్రోను వ్రాయవలెను. మూగబోయిన దినమున ఎక్సెల్‌ను పూర్తిగా మూసి తెరచిన మరల పలుకును.

ఇక మా పెద్ద తప్పును చెప్పెదము. కళ్యాణదుర్గం వైపు ఒక గ్రామమున, క్రొత్త హింగారునకు పాత పంటలను తుడిచివేయుటకై పట్టికలో ఒక మీట పెట్టితిమి. దానిపై క్రొత్త ఋతువు అని వ్రాసితిమి. తుడువవలసిన గడుల హద్దును వ్రాయుటలో మేము ఒక నిలువు వరుస ఎక్కువగా వ్రాసితిమి. ఆ వరుసలో నున్నవి బోర్ల కొలతలు. రెండు సంవత్సరములుగా ఆ గ్రామపు మహిళా సంఘమువారు డ్రమ్ము పట్టి, గడియారము చూచి వ్రాయించినవి. మీట నొక్కగానే అవియు పోయినవి. చేసిన పనిని వెనుకకు త్రిప్పు సదుపాయము ఎక్సెల్‌లో ఉన్నమాట నిజమే. మాక్రో నడచిన పిదప అది పనిచేయదని మాకు ఆ క్షణమున తెలిసినది. అలవాటు చొప్పున పట్టికను దాచియుంటిమి. దానితో పాత ప్రతియు లేకపోయినది.

మమ్ములను కాపాడినది కంప్యూటరు కాదు. కొలతలు తీసిన ప్రతిసారి ఆ స్త్రీలు పంచాయతీ కార్యాలయపు గోడపై నల్లబల్లలో వ్రాసి, దానిని ఒక నోటు పుస్తకములో ఎక్కించి యుండిరి. ఆ నోటు పుస్తకము పట్టుకొని ఒక రాత్రంతయు మేము అంకెలను తిరిగి ఎక్కించితిమి. నేడు ఆ మీట నొక్కినచో, నిజముగా తుడిచివేయమందురా యని మొదట అడుగును. అవునన్న పిదప కూడ, తేదీ వేసిన ఒక ప్రతిని వేరుగా దాచి, ఆ తరువాతనే తుడుచును. గోడ బల్ల అట్లే యున్నది. దానిని తీసివేయుదుమా యని ఒక సభ్యుడు అడిగినప్పుడు వలదని మేమే బ్రతిమాలితిమి.

ఇంతకంటె మాకు బుద్ధి చెప్పిన సంగతి వేరొకటి. అదే గ్రామమున పట్టిక చక్కగా పనిచేయుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న వృద్ధుడైన రైతు లేచి, "వానలో పదో వంతు ఇంకుతుందని ఎవురు చెప్పినారప్పా? అది యాడ రాసినారు, చూపించండి" అని అడిగెను. మేము చూపలేకపోయితిమి. ఆ పదవ వంతు మాక్రో లోపల వ్రాసి యుంటిమి. పట్టికలో ఏ గడిలోను లేదు. ఎకరమునకు కావలసిన నీటి అంకెలును అట్లే లోపల దాగియున్నవి. గ్రామము నమ్మవలసిన లెక్కలో ముఖ్యమైన అంకెలు గ్రామమునకు కనబడని చోట ఉన్నవి! దాచవలెనని దాచలేదు, వ్రాయుటకు సులభమని అట్లు వ్రాసితిమి. కాని ఆ రైతు దృష్టిలో రెండింటికిని భేదము లేదు, ఉండనక్కరలేదు గూడ. రేపు ఎవరైన పలుకుబడి గలవారు తమ వరి నిలుచుటకై ఆ అంకెను కొంచెము కదిపినచో సభకు తెలియు దారి ఏది?

అప్పటినుండి ఒక నియమము పెట్టుకొంటిమి. మాక్రో లోపల అంకె ఏదియు ఉండరాదు. ఇంకు వంతు, పంటల నీటి అవసరము, మనిషికి లీటర్లు, అన్నియు పట్టిక మొదటి షీటులో పెద్ద అక్షరములతో గడులలో నుండును. మాక్రో అక్కడనుండి చదువుకొనును. సభ కోరినచో పదవ వంతుకు బదులు పదునైదవ వంతు వేసి చూపుదుము. వాన తక్కువైన ఏట, ఎండకు నెర్రెలిచ్చిన ఏట ఆ అంకె మారుననుట నిజము గనుక, పరిశీలక బావిలోని మట్టము ఎంత పెరిగినదో దానితో పోల్చి చూచుట మేలు. సూత్రములు గల గడులకు తాళము వేయుదుము. అంకెల గడులను ఎవరు ఎప్పుడు మార్చినారో ప్రక్కన వ్రాయింతుము. మీ గ్రామమునకు ఎవరైన ఇట్టి పట్టికను తెచ్చినచో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఆ వృద్ధుడు అడిగినదే.

మన ఉదాహరణ గ్రామము సంగతి మిగిలియున్నది. తగులు 50,000 అని ఎర్రగా నున్న పట్టికలో, వరి వేయదలచినవారిలో 10 ఎకరముల వారు వేరుశనగకు మారినచో ఎకరమునకు 2,800 చొప్పున 28,000 తగ్గును, తగులు 22,000. మరి 7 ఎకరముల వరి రాగి యైనచో ఎకరమునకు 3,200 చొప్పున 22,400 తగ్గును. గడి పచ్చబడును, మిగులు 400. వరి మూడెకరములు మాత్రము నిలిచినది. కొన్ని నొక్కులలో ఇది తేలును. కాని ఎవరి వరి పోవలెను, ఎవరి మూడెకరములు నిలువవలెను అనుదానిని ఏ మాక్రోయు చెప్పదు, చెప్పరాదు. అది సభలో తేలవలసినది. మేము చూచిన గ్రామములో అందరును మారలేదు. కొందరు సభలో ఔనని, మడిలో వరియే నాటిరి. మారినవారు మారినారు. నాటిన పిదప ఉన్నదున్నట్లు పంటలను మరల పట్టికలో ఎక్కించి, సభలో చెప్పినదానిని ప్రక్కన నుంచితిమి. పేర్లు చదువలేదు, మొత్తములు మాత్రము చదివితిమి. పేర్లు చదివిన మరుసటి ఏట సభకు ఎవరు వత్తురు?

సభ్యులు తరచుగా అడుగు రెండు విషయములు చెప్పి ముగించెదము. మొదటిది, సెల్‌ఫోను. పట్టికను ఫోనుకు పంపిన అంకెలు కనబడును గాని మాక్రోలు పనిచేయవు. ఎక్సెల్ మాక్రోలకు కంప్యూటరు కావలెను. గడి నొక్కిన పలుకలేదని సర్పంచులు మమ్ములను కోపించిన సందర్భములు కలవు. తప్పు పట్టికది కాదు. రెండవది, భద్రత. 1999లో మెలిస్సా అను మాక్రో వైరసు ఉత్తరములతో పాటు ప్రపంచమంతట వ్యాపించినది. మాక్రో ఆజ్ఞ గనుక మంచి ఆజ్ఞనే కాక చెడ్డ ఆజ్ఞను గూడ పాటించును. 2022 నుండి మైక్రోసాఫ్ట్ సంస్థ, ఇంటర్నెట్ ద్వారా వచ్చిన పట్టికలలోని మాక్రోలను ఎక్సెల్ తానే ఆపునట్లు చేసినది. కనుక పట్టిక తెరువగానే ఎర్రని హెచ్చరిక పట్టీ కనబడినచో భయపడకుడు; తొందరపడి తొలగింపనుకూడదు. పంపినవారెవరో తెలిసి, వారిని ఫోనులో అడిగి, ఆ పిదపనే ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ చేయవలెను. వాట్సాప్‌లో ఎవరో పంపిన పట్టికకు సచివాలయపు కంప్యూటరులో అట్టి అనుమతి ఎన్నడును ఇయ్యరాదు. గ్రామపు జనులందరి వివరములు ఆ యంత్రమున కలవు.

పట్టిక నమూనా ప్రతియొకటి నేడు మీ మండలముల డిజిటల్ అసిస్టెంట్లకు ఇచ్చుచున్నాము. అందలి ఎకరములు, బోర్లు, జనసంఖ్య అన్నియు ఖాళీ. మీ గ్రామపువి మీరే నింపవలెను. డ్రమ్ము కొలత తీయని బోరునకు ఊహించి అంకె వేయవలదు. ఆ గడిని ఖాళీగా వదలిన, పట్టిక దానిని పసుపు రంగులో చూపి, కొలత రావలసియున్నదని చెప్పును.

పోయిన వారము కళ్యాణదుర్గం వైపు ఆ గ్రామమునకే మరల వెళ్లితిమి. పదవ వంతు అడిగిన రైతు ఈసారి ముందు వరుసలో కూర్చుండి, పట్టికలో ఒక నిలువు వరుస తక్కువైనదని చెప్పెను. నడుచుచున్న బోర్లు వ్రాసినారు, ఎండిపోయిన బోర్లు ఎన్నియో, వాటి లోతెంతో, ఏ సంవత్సరమున ఎండినవో ఎందుకు వ్రాయలేదని అడిగెను. తన పొలముననే అట్టివి నాలుగు కలవట. ఆ వరుసకు మాక్రో ఏదియు అక్కరలేదు. దానిని చేర్చి మీకిచ్చు నమూనాలో గూడ ఉంచినాము. రాగి వరుస ప్రక్కన, ఎడమ నుండి తొమ్మిదవది.